క్రియ పక్కన చిన్నమాట

ఇంగ్లీషులో పొడుగాటి మాటలు మనల్ని పెద్దగా మోసం చెయ్యవు. ‘హైపోథికేషన్’ అనే మాట కాగితం మీద కనబడితే, అర్థం తెలియనివాడికి తనకు తెలియదన్న సంగతైనా తెలుస్తుంది. పక్కవాణ్ణి అడుగుతాడు, లేకపోతే నిఘంటువు తీస్తాడు. చిక్కంతా చిన్నమాటల దగ్గర వస్తుంది. ‘రైట్’ అంటే రాయడమని ఒకటో తరగతి పిల్లవాడికి తెలుసు. ‘ఆఫ్’ అంటే ఏమిటో స్విచ్చి నొక్కే ప్రతివాడికీ తెలుసు. రెండూ కలిసి ‘రైట్ ఆఫ్’ అయ్యేసరికి, అదీ తెలిసినట్టే ఉంటుంది. తెలుసుననుకున్న చోట ఎవరూ అడగరు. ముప్పై ఏళ్ళ బ్యాంకు ఉద్యోగంలో కౌంటరు ఇవతలి వైపు కూర్చుని నేను గమనించిన సంగతి ఇది.

క్రియ పక్కన అప్, ఆఫ్, అవుట్, ఓవర్, డౌన్ లాంటి చిన్నమాట చేర్చి కొత్త అర్థం పుట్టించడాన్ని ఇంగ్లీషు వ్యాకరణంలో ‘ఫ్రేజల్ వెర్బ్’ అంటారు. డాక్టర్ శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువు అచ్చు వేసినప్పుడే పీఠికలో దీన్ని ప్రస్తావించాడు. ఈ పద్ధతి ఇంగ్లీషులో ఉన్నంతగా బహుశా మరే భాషలోనూ లేదనీ, పరాయివాళ్ళకు అన్నిటికంటె కష్టమైనది ఇదేననీ ఆయన అభిప్రాయం. పేరు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ తన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ అనే పుస్తకంలో ఈ పేరు వాడాడు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ దాన్ని సూచించాడని కూడా చెప్పాడు. నేను కామర్సు చదివినవాణ్ణి, వ్యాకరణవేత్తను కాను. అయినా ఈ విషయం మీద నాలుగు మాటలు రాసే ధైర్యం చేస్తున్నానంటే, దీనివల్ల ఇళ్ళూ చదువులూ తారుమారు కావడం చూశాను గనుక. పైగా దీనికి మందు మన తెలుగులోనే ఉందని నా నమ్మకం.

మాది హోసూరు దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమూ కన్నడమూ, బడి తెలుగు మీడియం. బి.కాం. మాత్రం బెంగుళూరులో, ఇంగ్లీషు మీడియంలో. మా లెక్కల పుస్తకాల్లో ఖాతా ముగించేటప్పుడు ‘సి/డి’ అనీ, మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ‘బి/డి’ అనీ రాయాలి. పేజీ అడుగున ‘సి/ఎఫ్’, తర్వాతి పేజీ తలమీద ‘బి/ఎఫ్’. క్యారీడ్ డౌన్, బ్రాట్ డౌన్, క్యారీడ్ ఫార్వర్డ్, బ్రాట్ ఫార్వర్డ్ అన్నమాట. కామర్సు విద్యార్థులందరికీ మొదట ఎదురయ్యే ఫ్రేజల్ వెర్బులు ఇవే. మా తాత పల్లెలో చిల్లరకొట్టు నడిపేవాడు. ఆయన చిట్టాలో కూడా పేజీ అడుగున మొత్తం వేసి, తర్వాతి పేజీ మొదట ‘వెనుకటి మొత్తం’ అని రాసుకునేవాడు. బాకీ తీరిపోతే, లేదా ఇక వసూలు కాదని తాతే వదిలేస్తే, ఆ ఖాతా మీద అడ్డంగా ఒక గీత గీసేవాడు. దాన్ని ‘కొట్టేయడం’ అనేవాళ్ళు. తాత ఖాతా కొట్టేశాడంటే ఆ మనిషికి ఇక బాకీ లేదు. ఎదురుపడితే తలొంచుకోవలసిన పని కూడా లేదు.

అకౌంట్సు ముందుకు సాగినకొద్దీ ‘రైట్’ కుటుంబమంతా బయటికి వచ్చింది. లక్ష రూపాయల యంత్రం ఈరోజు అరవై వేలే చేస్తుందనుకోండి, ఆ నలభై వేలు తగ్గించి రాయడం ‘రైట్ డౌన్’. వస్తువు పూర్తిగా పనికిరాకుండా పోతే, లేదా బాకీ రాదని తేలితే, పుస్తకంలో ఆస్తుల వైపునుంచి తీసివేయడం ‘రైట్ ఆఫ్’. రాదేమోనని లాభంలోంచి పక్కన పెట్టిన సొమ్ము, బాకీ వసూలైనందువల్ల మళ్ళీ లాభంలోకి తెచ్చుకోవడం ‘రైట్ బ్యాక్’. పుస్తకాలు నేటివరకు పూర్తిచేసి ఉంచడం ‘రైట్ అప్’. క్రియ ఒకటే. పక్కనున్న చిన్నమాట మారినప్పుడల్లా డబ్బు ఒక్కో దిక్కుకు పోతుంది.

‘పే’ అనే క్రియను చూడండి. ఖాతాలో డబ్బు కట్టడం ‘పే ఇన్’. పే ఇన్ స్లిప్పు అనే మాట అందులోంచి వచ్చిందే. అప్పు మొత్తం తీర్చి వదిలించుకోవడం ‘పే ఆఫ్’. అసలు కొంచెం కొంచెంగా తగ్గించుకోవడం ‘పే డౌన్’. తీసుకున్నది తిరిగి ఇవ్వడం ‘పే బ్యాక్’. గట్టిగా అడిగినప్పుడు మనసు లేకపోయినా కట్టడం ‘పే అప్’. కంపెనీ షేర్ల మీద అడిగిన మూలధనం ‘కాల్డ్ అప్’, అందులో చేతికి వచ్చినది ‘పెయిడ్ అప్’. కంపెనీ మూసేస్తే ‘వైండ్ అప్’. ఇంగ్లీషు వాడి అప్‌కూ మన అప్పుకూ చుట్టరికం లేదు గాని, బ్యాంకులో మాత్రం రెండూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటాయి.

ఇళ్ళూ చదువులూ తారుమారవుతాయని పైన అన్నానే, అందులో ఒకటి చెప్తాను.

కొన్నేళ్ళు నేను షోలాపూరులో పనిచేశాను. అక్కడ పవర్‌లూముల మీద దుప్పట్లూ తువాళ్ళూ నేసే పద్మశాలీలు తరతరాల క్రితం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఇళ్ళల్లో ఇప్పటికీ తెలుగే. బ్యాంకు ఫారాల మీద మరాఠీ, హిందీ, ఇంగ్లీషు ఉంటాయి, తెలుగు ఉండదు. ఆఫీసరు తెలుగువాడని తెలిస్తే, తమ ఖాతా ఎక్కడున్నా సరే కాగితాలు పట్టుకుని వచ్చేవారు. అట్లా వచ్చిన వారిలో ఒక పెద్దాయన, ఆరు మగ్గాల యజమాని. వేరే ఒక బ్యాంకులో తీసుకున్న అప్పు చాలా ఏళ్ళ క్రితం ఆగిపోయింది. నూలు ధర పెరిగి, సరుకు నిలిచి, కట్టలేకపోయాడు. రెండు లక్షల అరవై వేలు నిలిచిపోయింది. కొన్నాళ్ళు నోటీసులు వచ్చాయి, తర్వాత అవీ ఆగాయి.

కొడుక్కి ఇంజనీరింగులో సీటు వచ్చింది. చదువు అప్పు కోసం ఇంకో చోట అడిగితే, ఇవ్వమని చెప్పి, ఆయన క్రెడిట్ రిపోర్టు అచ్చుతీసి చేతిలో పెట్టారు. ఇంటికి వెళ్ళాక కొడుకు చదివాడు. ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం పిల్లవాడు. పాత అప్పుకు ఎదురుగా ‘రిటెన్ ఆఫ్’ అని ఉంది. రాసి తీసేశారు, అంటే కొట్టేశారు, బాకీ లేదు అని తండ్రికి చెప్పాడు. మరి బాకీ లేనప్పుడు కొత్త అప్పు ఎందుకివ్వరు? ఇది అన్యాయమని నా దగ్గరికి వచ్చారు.

‘‘రైటాఫ్ అయిందని ఆళ్ళే రాసిండ్రు గదా సారూ. ఇంక బాకీ యాడిది?’’ అన్నాడాయన.

విషయం ఏమిటంటే, బ్యాంకుకు ఒక అప్పు మీద వాయిదా 90 రోజులు దాటి బకాయి పడితే అది మొండిబాకీల్లోకి చేరుతుంది. దాని వయసు పెరిగినకొద్దీ బ్యాంకు తన లాభంలోంచి అంత సొమ్ము పక్కన పెట్టుకుంటూ పోవాలి. పూర్తిగా పెట్టాక, ఆ బాకీని ఆస్తిగా చూపించుకోవడం ఎందుకని, బ్యాలెన్స్ షీటులోంచి తీసివేస్తారు. ఇది బ్యాంకు తన పుస్తకాలు తాను శుభ్రం చేసుకోవడం. అప్పు తీసుకున్నవాడి బాధ్యత చెక్కుచెదరదు. వసూలు కోసం బ్యాంకు నోటీసు ఇవ్వవచ్చు, కోర్టుకు పోవచ్చు. 2023 జూన్‌లో రాజీ ఒప్పందాల మీదా సాంకేతిక రైటాఫ్‌ల మీదా రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వులో కూడా ఈ మాటే ఉంది: పుస్తకంలోంచి తీసినంత మాత్రాన అప్పు మీద బ్యాంకు హక్కు వదులుకున్నట్టు కాదు.

మాఫీ వేరు. దానికి ఇంగ్లీషులో ‘వెయివర్’ అనే మాట ఉంది. 1990లో కేంద్ర ప్రభుత్వం రైతులకూ చేతివృత్తులవారికీ పదివేల రూపాయల దాకా బాకీలు మాఫీ చేసింది. 2008లో చిన్న, సన్నకారు రైతుల బకాయిలు మాఫీ చేసింది. అప్పుడు రైతు తరఫున బ్యాంకుకు సర్కారు కట్టింది, రైతు బయటపడ్డాడు. రైటాఫ్‌లో ఎవరూ ఎవరి తరఫునా కట్టరు. పత్రికలవాళ్ళు రెండింటికీ ‘రుణాల రద్దు’ అని ఒకే మాట వాడేస్తుంటారు. చదివినవాడు ఏమనుకుంటాడు?

ఆ పెద్దాయనకు ఇదంతా చెప్పాను. ‘‘వాళ్ళ పుస్తకంలోంచి తీసిండ్రు గాని, మీ తలమీది నుంచి తియ్యలేదన్నా’’ అన్నాను. చాలాసేపు ఆ కాగితం వైపే చూశాడు. తర్వాత ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ‘‘రాసిచ్చుడు ఎరుకే, రాసుకునుడు ఎరుకే. గీ రాసి తీసుడు ఏంది సారూ?’’

చివరికి రెండు మగ్గాలు అమ్మి, ఆ బ్యాంకుతో రాజీ మాట్లాడుకుని, కొంత తగ్గింపుతో బాకీ వదిలించుకున్నాడు. రిపోర్టులో ‘రిటెన్ ఆఫ్’ పోయి ‘సెటిల్డ్’ వచ్చింది. అదీ మంచి మాటలాగే వినిపిస్తుంది గాని, పూర్తిగా కట్టినవాడికి పడే ‘క్లోజ్డ్’ అనే ముద్రతో సమానం కాదు. తక్కువకు ఒప్పుకున్నారని దాని అర్థం. కొడుకు చదువు మొదటి రెండేళ్ళూ చేబదుళ్ళ మీద నడిచింది. ఆయనకు ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆ రిపోర్టులో ఒక్క మాట తప్పు లేదు. ‘ఆఫ్’ అనే చిన్నమాట ఎవరి వైపునుంచి తీయడమో చెప్పేవాడు లేకపోయాడు, అంతే.

ఆయన అన్న మాటలోనే ఒక పాఠం ఉందని నాకు తర్వాత తోచింది. రాయడం, రాసుకోవడం, రాసివ్వడం. ఈ మూడూ మూడు పనులు. చాకలి పద్దు రాస్తాం. మరిచిపోకుండా ఫోన్ నంబరు రాసుకుంటాం. ఇల్లు కూతురి పేర రాసిస్తాం. ‘ఇచ్చు’ అనే రెండో క్రియ వచ్చి చేరగానే, కలం కాగితం వ్యవహారం కాస్తా రిజిస్ట్రారు ఆఫీసు వ్యవహారం అయిపోయింది. ఇంగ్లీషువాడు చిన్నమాట చేర్చి చేసే పని, మనం ఇంకో క్రియ చేర్చి చేస్తున్నాం. మొదట అసలు క్రియ, దాని వెనకాల అర్థం మార్చే మాట. వరుస కూడా అదే.

‘చెప్పు’ అనే మాట తీసుకోండి. చెప్పాడు అంటే మామూలుగా చెప్పడం. చెప్పేశాడు అంటే దాచవలసింది కూడా బయటపెట్టడమో, చెప్పడం పూర్తికావడమో. చెప్పుకున్నాడు అంటే తన కష్టం ఇంకొకరి ముందు పెట్టడం. చెప్పిపెట్టాడు అంటే ముందుగానే చెప్పి ఉంచడం. చెప్పి చూశాడు అంటే వింటాడేమోనని ప్రయత్నించడం. చెప్పుకొచ్చాడు అంటే వరసగా చెబుతూ పోవడం. తెలుగు నేర్చుకునే ఒక దొరగారు మనింటికొచ్చి, చెప్పి ఏమి చూశాడు, చెప్పుకుంటూ ఎక్కడినుంచి వచ్చాడు అని అడిగితే మనం నవ్వుతాం. ‘ఈట్ అప్’ అంటే పైకి తినడమా అని మనం అడిగితే ఆయనా అంతే నవ్వుతాడు. మిగల్చకుండా తినేయడమని ఆయనకు తెలుసు. తినేయడంలో ‘వేయడం’ ఎక్కడుందో మనకూ తట్టదు.

మన పొరుగువాళ్ళ దగ్గరా ఇదే పద్ధతి. ఊళ్ళు మారుతూ ఉద్యోగం చేసినందువల్ల నా చెవిన పడ్డవి చెప్తాను. తమిళంలో ‘సాప్పిట్టువిట్టాన్’. కన్నడంలో ‘తిందుబిట్ట’. షోలాపూరు మరాఠీలో ‘ఖాఊన్ టాక్‌లా’. బరంపురంలో ఒడియావాళ్ళు ‘ఖాఇదేలా’ అంటారు. అన్నిటికీ అర్థం తినేశాడనే. తమిళుడూ కన్నడిగుడూ విడిచిపెడతారు, మరాఠీవాడు పారవేస్తాడు, ఒడియావాడు ఇస్తాడు, మనం వేస్తాం. అంతే తేడా. రెండు భాషల మధ్య బతికే మన పిల్లలు రోజూ ఇట్లాంటివి రెండేసి రకాలు మాట్లాడుతున్నారు. ఫ్రేజల్ వెర్బు వాళ్ళకు కొత్త దినుసు కానక్కర్లేదు.

సంస్కృతంలో ఇదే పని ముందువైపునుంచి జరుగుతుంది. ఆహారం, విహారం, సంహారం, పరిహారం. ధాతువు ఒకటే, ముందు చేరిన ఉపసర్గ మారితే భోజనం కాస్తా హత్య అవుతుంది. నష్టపరిహారం కట్టవలసిన పరిస్థితీ వస్తుంది.

ఇంగ్లీషులో ఈ చిన్నమాటలు వందల క్రియలతో కలుస్తాయి గనుక, జాబితాలు బట్టీపట్టడం వృథా శ్రమ. మా రోజుల్లో వంద ఫ్రేజల్ వెర్బుల జాబితా ఇచ్చి అప్పజెప్పించేవారు. పరీక్ష అయిన మర్నాడు అవి ఎక్కడికి పోయేవో తెలియదు. అంతకంటె, ఒక్కో చిన్నమాటకు ఉన్న మొగ్గు పట్టుకుంటే కొంత దారి కనబడుతుంది. ‘అప్’ చాలాచోట్ల పని పూర్తయిందని చెబుతుంది. యూజ్ అప్ అంటే వాడేయడం, డ్రింక్ అప్ అంటే తాగేయడం. మన ‘వేయు’కు దగ్గర. ‘ఆఫ్’ ఒకదాన్నుంచి ఇంకోదాన్ని విడదీస్తుంది. కట్ ఆఫ్, టేక్ ఆఫ్, పే ఆఫ్. దేన్నుంచి విడదీస్తోందో అడగడం మన పని. ‘ఓవర్’ ఒక చేతినుంచి ఇంకో చేతికి మారుస్తుంది. బదిలీ అయిన ఆఫీసరు తాళాలు హ్యాండ్ ఓవర్ చేస్తాడు, కొత్తవాడు టేక్ ఓవర్ చేసుకుంటాడు. ‘ఆన్’ పని సాగుతోందంటుంది. క్యారీ ఆన్, గో ఆన్. మన ‘చేస్తూ పోవడం’ లాంటిది. ‘బ్యాక్’ అంటే తిరిగి.

వీటికి లొంగనివి కొన్ని ఉంటాయి. ‘పుట్ ఆఫ్’ వాయిదా వేయడం, ‘పుట్ అవుట్’ మంట ఆర్పడం, ‘పుట్ త్రూ’ ఫోనులో కలపడం, ‘పుట్ అప్ విత్’ ఓర్చుకోవడం. ఇవి మాత్రం వాక్యంతో సహా చెవికి ఎక్కాలి.

మాటల వరుసలో ఒక నియమం మాత్రం గుర్తుంచుకోదగ్గది. అప్పును పే ఆఫ్ చేయడంలో ‘పే ఆఫ్ ద లోన్’ అనవచ్చు, ‘పే ద లోన్ ఆఫ్’ అనీ అనవచ్చు. కాని లోన్ బదులు ‘ఇట్’ వాడితే అది మధ్యలోనే కూర్చోవాలి: ‘పే ఇట్ ఆఫ్’. ‘పే ఆఫ్ ఇట్’ అనకూడదు. అయితే ‘లుక్ ఇంటూ’, ‘లుక్ ఆఫ్టర్’ లాంటివి విడిపోవు. ‘లుక్ ఇంటూ ఇట్’ అనే అనాలి. మన జంట క్రియల మధ్య కర్మ వచ్చి కూర్చోదు. ‘రాసి ఇల్లు ఇచ్చాడు’ అంటే వేరే అర్థం. అందుకనే ఈ ఒక్క విషయంలో మనవాళ్ళకు తెలుగు అలవాటు సాయపడదు, విడిగా నేర్చుకోవాలి.

మన దేశంలో పుట్టిన వాడుకలు కూడా ఉన్నాయి. ఆఫీసులో ఫైలు ‘పుట్ అప్’ చేయమంటాం, అంటే పై అధికారి ముందు పెట్టమని. ఫలానా సంవత్సరం కాలేజీనుంచి ‘పాస్ అవుట్’ అయ్యానని మన కుర్రాళ్ళు గొప్పగా రాస్తారు. అక్కడి ఇంగ్లీషులో పాస్ అవుట్ అంటే మామూలుగా స్పృహ తప్పి పడిపోవడం. ఫారం మనం ‘ఫిల్ అప్’ చేస్తాం, ఇంగ్లండువాడు ‘ఫిల్ ఇన్’ చేస్తాడు, అమెరికావాడు ‘ఫిల్ అవుట్’ చేస్తాడు. ఫారం మాత్రం అదే. వీటిని తప్పులని వెక్కిరించడం నాకు ఇష్టం లేదు. ఎవరితో మాట్లాడుతున్నామో తెలిసి మాట్లాడితే చాలు.

ఇంకో సంగతి. మనం ఇంగ్లీషు పుస్తకాల్లోంచి నేర్చుకున్నాం గనుక పోస్ట్‌పోన్, టాలరేట్, ఇన్వెస్టిగేట్ అనేవి తేలిగ్గా వస్తాయి. పుట్ ఆఫ్, పుట్ అప్ విత్, లుక్ ఇంటూ నోట పలకవు. ఆ పెద్దమాటలు లాటిన్, ఫ్రెంచి మూలాల నుంచి ఇంగ్లీషులో చేరినవి. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక కోర్టుల్లోనూ కొలువుల్లోనూ ఫ్రెంచి రాజ్యం చేసింది. ఇళ్ళల్లో పాత చిన్నమాటలే నిలిచాయి. ‘సహించు’ అని కాగితం మీద రాసి, ఇంట్లో ‘ఓర్చుకో’ అనే మనకు ఇది అర్థం కాని విషయమేమీ కాదు. ఇప్పుడు కంప్యూటరు వచ్చాక ఆ ఇంటిమాటలు మళ్ళీ తెరమీదికి వచ్చాయి. లాగ్ ఇన్, సైన్ అప్, బ్యాక్ అప్, ఆప్ట్ అవుట్. ‘ఆప్ట్ అవుట్’ అంటే నాకు వద్దని చెప్పడం. అది తెలియక ఊరుకుంటే, అడగని సేవలకు కూడా ఒప్పుకున్నట్టే లెక్క కట్టే చోట్లున్నాయి.

ఇక నన్ను కలవరపెట్టే విషయానికి వస్తాను. మా చెల్లెలి మనవరాలు హోసూరులో ఏడో తరగతి చదువుతోంది. తెలివైన పిల్ల. తెలుగు మాట్లాడుతుంది గాని, ఈ రెండో క్రియలు చాలావరకు ఆమె మాటల్లో లేవు. పాలగిన్నె పడింది, పుస్తకం పోయింది, అన్నం తిన్నాను. అంతవరకే. మిగతాదంతా ‘డ్రాప్ అయింది’, ‘మిస్ చేశాను’. మా ఇళ్ళల్లోని ఇతర పిల్లల్లోనూ ఇదే గమనిస్తున్నాను. నేను చూసినంతలో, సరిహద్దు ఊళ్ళలో తెలుగు తగ్గేటప్పుడు పేర్లు పోవు, వావివరసలు పోవు. ముందుగా పోయేవి ఇవి.

ఇవి పోతే ఏమవుతుందంటారా? ‘గిన్నె పడిపోయింది’ అంటే దానంతట అది పడింది. ‘గిన్నె పడేశాను’ అంటే నేను పడేలా చేశాను. ఏ తల్లి అయినా ఆ చివరి మాటను బట్టే తిట్టాలో వద్దో తేల్చుకుంటుంది. ఎవరి చేతిమీదుగా జరిగింది, ఎవరికోసం జరిగింది, పూర్తయిందా లేదా అనే లెక్క మనకు ఆ రెండో క్రియలో ఉంటుంది. ఆ తేడా వినడం అలవాటైన చెవి, ‘రైట్ ఆఫ్’ అన్నప్పుడు ఎవరు రాశారు, దేన్నుంచి తీశారు అని అడుగుతుంది. ఇంగ్లీషు బాగా రావాలంటే ఇంట్లో తెలుగు మానెయ్యాలని అనుకునే తల్లిదండ్రులు నాకు రోజూ తారసపడుతున్నారు. వాళ్ళు పిల్లల చేతిలోని తాళంచెవి తీసుకుని, తాళం తెరవమంటున్నారు.

ఆదివారాలు ఆ పిల్లనూ, వీధిలో నలుగురైదుగురు పిల్లలనూ కూచోబెట్టుకుని ఒక ఆటలాంటిది ఆడిస్తున్నాను. నేనొక ఇంగ్లీషు వాక్యం చెప్తాను, వాళ్ళు ఇంట్లో అమ్మమ్మల నడిగి దానికి సరిపోయే తెలుగు తేవాలి. ఇంట్లో అమ్మమ్మ లేని పిల్లలు తమిళమో కన్నడమో తెచ్చినా ఒప్పుకుంటాను. మొన్న ‘పుట్ అప్ విత్’ ఇచ్చాను. మూడిళ్ళనుంచి ‘ఓర్చుకోవడం’ వచ్చింది. ఒక పిల్ల మాత్రం ‘పడి ఉండడం’ అని తెచ్చింది. వాళ్ళ అవ్వ కొత్తకాపురంలో అత్తగారు ఏమన్నా పడుండేదట. ఎక్కడ పడింది అని ఇంకో పిల్లవాడు అడిగాడు. ఎక్కడా పడలేదురా, ఊరికే పడుండింది అంది ఆ పిల్ల. ఫ్రేజల్ వెర్బు గురించి ఇంతకంటె బాగా చెప్పిన పాఠం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

పెద్దవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. బ్యాంకులో గాని, బీమా ఆఫీసులో గాని, ఆస్పత్రిలో గాని సంతకం పెట్టమన్న కాగితంలో మీకు బాగా తెలిసిన రెండు చిన్నమాటలు పక్కపక్కన కనబడితే ఒక్క నిమిషం ఆగండి. ‘‘ఇది మన భాషలో చెప్పండి’’ అని ఎదుటి ఆఫీసరును అడగండి. తెలుగు రాకపోతే తమిళంలోనో, కన్నడంలోనో, మరాఠీలోనో, ఒడియాలోనో చెప్పమనండి. ఎవరినుంచి తీస్తున్నారు, ఎవరికి ఇస్తున్నారు, పూర్తయిందా ఇంకా ఉందా అని మూడు ప్రశ్నలు వెయ్యండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. బ్యాంకులో ఇప్పుడు చాలా వాటికి సర్వీసు చార్జీలున్నాయి గాని, అర్థం అడిగినందుకు ఇంకా ఏమీ పెట్టలేదు.